ఆయిల్ ఇంజనును ట్రాక్టరును గూర్చి రైతులు తెలిసికొనవలసిన విషయములు

ఒక జత యెద్దులకును ఒక ఆయిల్ ఇంజనుకును ముఖ్యమైన భేద మొకటి కలదు. ఎద్దు అలసినయెడల నిలిచిపోవును. కాలు బెణికినయెడల కుంటును. మేత చాలనిచో డొక్కలు లోపలికి పోవును. యజమానుడు చూచినంతనే దాని కష్టము తెలియును. ఇంజను అట్లు గాదు. అది లోపల అరుగుచున్నను కొంతకాలము పైకి ఏమియు కనబడదు. కనబడునప్పటికి వేల రూపాయల ఖర్చు వచ్చియుండును. లోపలి పని తెలిసిన రైతు ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనగలడు. తెలియనివాడు మిస్త్రీ చెప్పినదే వేదముగా నమ్మి సొమ్ము చెల్లించుచుండును. కావున ఇంజను లోపల ఏమి జరుగునో, ట్రాక్టరు ఎట్లు లాగునో, ఈ రెంటివలన ప్రాణాపాయ మెక్కడ పొంచియున్నదో ఇందు వివరింపబడుచున్నది.

హార్సుపవరు అనగా నేమి

33,000 పౌనుల బరువును ఒక నిమిషములో ఒక అడుగు ఎత్తు లేపగల శక్తికి ఒక హార్సుపవరు అని పేరు. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాట్ తన యంత్రములను గుఱ్ఱములతో పోల్చి చెప్పుటకై ఈ కొలతను ఏర్పరచెను. మన సాధారణపు జత యెద్దులు దినమంతయు లాగునప్పుడు చూపగల శక్తి సుమారు ఒక హార్సుపవరు, లేక అంతకు కొంచెము తక్కువ.

ఈ లెక్క తెలిసియుండుట మిక్కిలి ఉపయోగకరము. నీరు ఒక గ్యాలను 10 పౌనులు తూగును. బావిలో నీరు 30 అడుగుల లోతున నున్నదనుకొనుడు. 33,000ను 30చే భాగింపగా 1,100 పౌనులు, అనగా 110 గ్యాలనులు వచ్చును. ఒక హార్సుపవరు నిమిషమునకు ఇంత నీటిని తోడవలెను. కాని పంపులోను గొట్టములలోను శక్తి కొంత వ్యర్థమగును. సగము పోయినదనుకొన్నను 55 గ్యాలనులు మిగులును. 5 హార్సుపవరుల ఇంజనుకు నిమిషమునకు 275 గ్యాలనులు, అనగా సుమారు 1,250 లీటర్లు. బావిలో ఊట అంత లేనప్పుడు ఇంతకంటె పెద్ద ఇంజను కొనుట వలన నీరు పెరుగదు; బావి త్వరగా వట్టిపోవును, నూనె ఖర్చు మాత్రము పెరుగును. కొనబోవువాడు ముందు తన బావి ఊటను కొలుచుకొని పిమ్మట అంగడికి పోవుట మంచిది. అమ్మువాడు పెద్దదానినే పొగడుట సహజము.

ఇంజను లోపల జరుగు పని

ఇంజనులో ముఖ్యమైనది సిలిండరు. ఇది నున్నగా తొలిచిన పోతయినుప గొట్టము. హోళీనాడు పిల్లలు రంగునీళ్లు చిమ్ము పిచికారిలో లోపలి దట్టము ఎట్లు ముందునకు వెనుకకు జరుగునో, సిలిండరులో పిస్టను అట్లే జరుగుచుండును. పిస్టనును ఒక కడ్డీ క్రాంకు అను వంకర ఇరుసునకు కలుపును. పిస్టను క్రిందికి మీదికి కదలుటచే ఇరుసు తిరుగును. సిలిండరు తలమీద రెండు వాల్వులు కలవు. ఒకటి గాలి లోనికి వచ్చుటకు, ఒకటి పొగ వెలికి పోవుటకు.

పని నాలుగు నడకలలో జరుగును. మొదటి నడకలో పిస్టను దిగుచు, తెరచిన వాల్వు గుండ గాలిని పీల్చుకొనును. రెండవ నడకలో రెండు వాల్వులును మూసికొనగా పిస్టను పైకి లేచి ఆ గాలిని నొక్కును. మూడవ నడకలో నూనె మండి, ఉబ్బిన వాయువు పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. నాల్గవ నడకలో పిస్టను పైకి లేచి కాలిన పొగను వెలికి నెట్టును. ఈ నాలుగింటిలో శక్తి నిచ్చునది మూడవది యొక్కటే. తక్కిన మూడును ఇరుసునకు తగిలించిన బరువైన చక్రపు వేగముచే జరుగును. కుమ్మరి కఱ్ఱతో సారెను త్రిప్పి కఱ్ఱను తీసివేసిన పిమ్మటను సారె తిరుగుచుండును గదా, ఇదియు నట్టిదే. నాలుగు నడకలకు ఇరుసు రెండు మారులు తిరుగును. నిమిషమునకు 650 మారులు తిరుగు పాతకాలపు నెమ్మది ఇంజనులో 325 మారులు నూనె మండును. 1,500 మారులు తిరుగు ఇంజనులో 750 మారులు.

ఈ పద్ధతి ననుసరించి నడచు ఇంజనును 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించెను. అందు గాలియు ఇంధనమును కలిసియే లోనికి పోవును. పెట్రోలు ఇంజనులలో విద్యుత్తు రవ్వ దానిని అంటించును. పెట్రోలు ఇంజనులు నేటికిని ఈ తెగవే. పూర్వము కిరోసినుతో నడచు ఇంజనులు అనేకము ఉండెడివి. వానిని మొదట పెట్రోలుతో నడిపి, వేడెక్కిన పిమ్మట కిరోసినుకు మార్చవలసియుండెను. ఏలయన చల్లని సిలిండరులో కిరోసిను ఆవిరి కానేరదు.

డీజిలు ఇంజనునకు రవ్వ అక్కరలేదు. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు చేతికి వెచ్చగా తగులుట అందరు నెరిగినదే. గాలిని నొక్కిన కొలది వేడి పుట్టును. డీజిలు ఇంజనులో గాలి తన మొదటి చోటులో పదునారవ వంతునకో అంతకంటె తక్కువకో నొక్కబడుటచే 500 డిగ్రీలకు పైగా కాగును. ఆ సమయమున ఇంజక్టరు నూనెను పొగమంచువలె సన్నముగా చిమ్మగా అది తనంతట అంటుకొనును. రుడాల్ఫు డీజిలు ఈ పద్ధతికి 1892లో హక్కుపత్రము కోరి, 1897లో చక్కగా నడచు ఇంజనును చూపెను.

1900లో పారిసు ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజను వేరుశనగ నూనెతో నడిచెను. ఈ సంగతి డీజిలే తరువాత వ్రాసియున్నాడు. అట్లయిన మన యింటి వేరుశనగ నూనెనే పోయరాదా యని పలువురు అడుగుదురు. ఒక దినము నడచును, వారము నడచును. కాని ఆ నూనె చిక్కనిది. నేటి ఇంజక్టరు రంధ్రములు వెండ్రుకవంటివి. చిక్కని నూనె సన్నముగా చిమ్మబడక సగము కాలి బంకవలె రంధ్రములకును పిస్టను వలయములకును పట్టును. దానిని ఎస్టరుగా మార్చి పలుచన చేసినగాని ఇంజనుకు తగదు. గానుగ నూనెను వంటకే ఉంచుట లాభము.

గాలి, నూనె, పొగ

ఒక లీటరు డీజిలు కాలుటకు పది ఘనమీటర్లకు మించిన గాలి కావలెను. దుక్కినాడు ట్రాక్టరు చుట్టును లేచు దుమ్మును తలచుకొనిన, ఈ గాలితో ఎంత మన్ను లోనికి పోగలదో తెలియును. మన చల్కనేలల దుమ్ములో ఇసుక మెండు. అది సాననూరు రాతిపొడివలె సిలిండరును అరగదీయును. దీనిని ఆపునది గాలి శుద్ధి చేయు పాత్ర యొక్కటియే. నూనెపాత్ర గల పద్ధతిలో గాలి నూనెను తాకి మన్నును వదలిపెట్టును. దుమ్ములో పని చేయు దినములలో ప్రతిదినము ఆ పాత్రను విప్పి చూడవలెను. అడుగున మన్ను పేరియున్న నూనెను పారబోసి, పాత్రను కడిగి, గుర్తు వరకే క్రొత్త ఇంజను నూనె పోయవలెను. గుర్తు దాటి పోయుట కూడదు. ఎక్కువైన నూనె సిలిండరులోనికి పోయి మండి, ఇంజను పట్టు తప్పి పరుగెత్తును. కాగితపు శోధని గల ఇంజనులలో దానిని నీట కడుగరాదు. ఇంత చిన్న పనిని సోమరితనముచే మానినవాడు ఆ పిమ్మట సిలిండరు తొలిపించుటకు పట్టణమునకు పరుగెత్తుచుండుట పలుచోట్ల చూడదగును.

డీజిలులో నీరు, మన్ను చేరకుండ చూచుకొనుట గాలిశుద్ధికి తీసిపోదు. పీపాను కొంచెము వాలుగా ఉంచి, ఒక దినము కదల్చక వదలినచో నీరును మడ్డియు పల్లమునకు దిగును. పైనుండియే నూనె తీసికొనవలెను. ట్రాక్టరు టాంకును ఉదయము గాక సాయంకాలము పని ముగియగానే నింపుట మేలు. ఖాళీ టాంకులోని గాలి రాత్రి చల్లబడి, అందలి తేమ నీటిబొట్లై నూనెలో దిగును. నిండిన టాంకులో ఆ గాలికి చోటు లేదు. ధర తక్కువయని డీజిలులో కిరోసిను కలుపుటయు హానికరమే. ఇంజక్షను పంపునకు డీజిలులోని జిడ్డే కందెన. కిరోసినులో ఆ జిడ్డు చాలదు.

టాంకు పూర్తిగా వట్టిపోయి ఇంజను ఆగినచో, మరల నూనె పోసినంతమాత్రమున అది నడువదు. గొట్టములలో గాలి చేరియుండును. శోధని మీది మరను వదులు చేసి, చేతిపంపును నొక్కుచు, బుడగలు లేని నూనె వచ్చువరకు వదలి, మరను బిగింపవలెను. ఇది ఎవ్వరైనను నేర్వదగిన పనియే. కాని ఇంజక్టరు నూనె చిమ్ముచున్నదో లేదో అని దాని యెదుట చేయి పట్టరాదు. అది సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో వచ్చును. చర్మమును దూరి లోనికి పోవును. గాయము సూదిపోటంత కనబడినను చేయి కుళ్లునంతటి ప్రమాదము కలదు. అట్లు జరిగిన వెంటనే ఆస్పత్రికి పోవలెను.

వైద్యుడు నాలుకను చూచినట్లు రైతు పొగను చూడవలెను. బాగుగా నడచు ఇంజను పొగ కంటికి కనబడీకనబడనట్లుండును. నల్లని పొగ వచ్చినచో నూనె చాలినంత గాలి లేక మండుచున్నదని అర్థము. బరువు మించియుండవచ్చును, గాలిపాత్ర మూసికొనియుండవచ్చును, ఇంజక్టరు చెడియుండవచ్చును. మొదట బరువు తగ్గించి చూచి, పిమ్మట గాలిపాత్రను చూచి, అప్పుడు గాని మిస్త్రీని పిలువరాదు; ఏలయన మొదటి రెంటికి ఖర్చు లేదు. నీలిపొగ వచ్చినచో కందెన నూనె కాలుచున్నదని అర్థము. వలయములో వాల్వు మార్గములో అరిగినవి. తెల్లని పొగ చలిదినమున మొదట కొంతసేపు వచ్చిన భయము లేదు. వేడెక్కిన తరువాతను వచ్చుచున్నచో నూనె కాలకయే పోవుచున్నది, లేక నీరు సిలిండరులోనికి దిగుచున్నది.

నూనెలోని వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే పనిగా మారును. మూడవవంతు పొగతో పోవును. తక్కినది లోహమును కాల్చును. ఆ వేడిని తీసికొనిపోవునది నీరు. రేడియేటరులో నీరు తగ్గి ఇంజను కాగియున్నప్పుడు వెంటనే చల్లనినీరు పోసినచో తల పగులును. మూతను తీసినవాని ముఖము కాలును. ఇంజను చల్లారువరకు ఆగవలెను.

బావిలో దించిన ఇంజను

ఈ భాగమును ఇంటిలోని పిల్లలకును పాలేర్లకును చదివి వినిపింపవలెను.

పంపు నీటిని పీల్చునని మనము చెప్పుకొందుము గాని, నిజముగా నీటిని పైకి త్రోయునది బయటి గాలి బరువు. ఆ బరువు సముద్రమట్టమున 34 అడుగుల నీటికి సరిపోవును. గొట్టములలో పోవు నష్టమును లెక్కింపగా 20 అడుగులకు మించి పీల్చుట నమ్మదగినది కాదు. అందుచేత ఎండకాలమున నీరు దిగినకొలది పంపును దింపవలసివచ్చును. పంపుతో ఇంజనును కూడ బావిలోని గట్టుమీదికి దించు అలవాటు తెలంగాణమునందును రాయలసీమయందును మోటబావులు గల గ్రామములలో ఏర్పడెను. బావిలో దిగి ఇంజను నడిపి, మరల పైకి రాక మరణించినవారు కలరు.

కారణ మిది. పొగలో కార్బను మొనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. కొంచెము పీల్చినను తల నొచ్చును, కండ్లు తిరుగును, కాళ్లలో బలము పోవును. అపాయము తెలిసికొనునప్పటికి మెట్లెక్కుటకు కాళ్లు రావు. పెట్రోలు, కిరోసిను ఇంజనుల పొగలో ఈ విషము మిక్కిలి హెచ్చు. డీజిలు పొగలో తక్కువయే గాని, ఇరుకైన బావిలో ఆ తక్కువయే చాలును. అంతేగాక ఇంజను బావిలోని ప్రాణవాయువును కూడ కాల్చివేయును.

దీపము దింపి చూచి, అది ఆరనిచో భయము లేదని మన పెద్దలు చెప్పుదురు. ఆ పరీక్ష పాడుబావిలోని చెడుగాలికి కొంత పనికివచ్చును. ప్రాణవాయువు బాగుగా తగ్గినచో దీపము ఆరును. కాని కార్బను మొనాక్సైడును దీపము పట్టజాలదు. మనిషిని చంపునంత విషమున్న గాలిలోను దీపము చక్కగా వెలుగుచుండును. దీపమును నమ్మి దిగరాదు. పొగగొట్టమును బావిపైవరకు కట్టితిమి గదా యనియు నమ్మరాదు. అతుకులు వదులైన గొట్టము సగము పొగను లోపలనే విడుచును.

ఒకడు బావిలో పడిపోయినప్పుడు అన్నయో తమ్ముడో కేక వేయుచు దిగును, అతడును పడును, మూడవవాడు దిగును. ఒక యింట ముగ్గురు పోవుట ఇట్లే జరుగును. పైనుండి చేయదగినచో ముందుగా ఇంజనుకు నూనె ఆపవలెను. గాలికొట్టు యంత్రమున్న దానితోను, లేనిచో చెట్టుకొమ్మల మోపును మోకుకు కట్టి పైకి క్రిందికి ఆడించియు బావిలోనికి గాలి పంపవలెను. అగ్నిమాపక దళమునకు 101 నంబరున తెలుపవలెను. శ్వాసపరికరము లేనివాడు దిగుట రక్షణ గాదు. పైకి తీసిన మనిషిని ఆరుబయట పరుండబెట్టి, ఊపిరి లేనిచో నోటితో ఊదుచు, ఆస్పత్రికి చేర్చవలెను. తెలివి వచ్చినను ఇంటికి తీసికొనిపోరాదు, వైద్యుడు ప్రాణవాయువు నీయవలసియుండును.

ఇంజనును పైననే ఉంచి పంపును మాత్రము దించి, నిలువు ఇరుసుతో త్రిప్పుట ఒక మార్గము. విద్యుత్తు వచ్చిన గ్రామములలో నీట మునుగు మోటారు పంపులు ఈ బాధను చాలవరకు తీర్చినవి. మూసిన కొట్టులో ఇంజను నడుపుటయు బావిలో నడిపినట్లే.

ట్రాక్టరు

అర అడుగు వెడల్పు చాలు తీయు నాగలితో ఒక యెకరము దున్నుటకు రైతు ఎద్దుల వెంట 87,120 అడుగులు, అనగా పదునారున్నర మైళ్లు నడువవలెను. రెండు మీటర్ల వెడల్పు గల గొఱ్ఱుతో గంటకు 5 కిలోమీటర్లు పోవు ట్రాక్టరు, మలుపులలో నాల్గవవంతు కాలము పోయినను, గంటకు పావు తక్కువ రెండెకరములకు తగ్గక దున్నును. తొలకరి వాన పదును రెండు మూడు దినములే నిలుచు చేలలో ఈ వేగమే పంట.

పెట్రోలు ఇంజనుతో నడచు ట్రాక్టరును 1892లో అమెరికాలో జాన్ ఫ్రోలిక్ నిర్మించెను. 1917లో హెన్రీ ఫోర్డు వారి ఫోర్డుసన్ వెలువడిన పిమ్మట అది సామాన్య రైతులకు అందుబాటులోనికి వచ్చెను. ఆ తొలి ట్రాక్టరులు నాగలిని బండివలె వెనుక ఈడ్చుచుండెను. నాగలి రాతికి తగిలినచో ముందరి చక్రములు లేచి వెనుకకు తిరుగబడి నడుపువానిని చంపుచుండెను. హారీ ఫెర్గుసన్ నాగలిని మూడుచోట్ల తగిలించి, నూనె ఒత్తిడిచే లేపుటకును దించుటకును వీలు కల్పించెను. మూడుచోట్ల తగిలించిన నాగలికి నేల పెట్టు అడ్డు వెనుకచక్రముల పట్టుగా మారును, ముందువైపు లేవదు. నేటి ట్రాక్టరులన్నియు ఇంచుమించుగా ఆ పద్ధతివే. మన దేశమున 1947 తరువాత కేంద్ర ప్రభుత్వపు ట్రాక్టరు సంస్థ రెల్లు పట్టిన బీళ్లను పగులదీయించెను. 1959లో ఫరీదాబాదున ట్రాక్టరుల తయారీ ఆరంభమయ్యెను.

ఇంజను శక్తి క్లచ్చి, గేర్లు దాటి చక్రములకు చేరును. మొదటి గేరులో వేగము తక్కువ, లాగు బలము ఎక్కువ. లాగు బలము ఎంతయున్నను చక్రము నేలను పట్టనిచో వ్యర్థము. అందుకే వెనుక టైర్లలో ముప్పాతిక వంతు నీరు నింపి బరువు కలిగింతురు. తడి రేగడిలో మాత్రము ఆ బరువే శత్రువు. నేల అణగి గట్టిపడి వేరు దిగదు. పిడికిట నొక్కిన మట్టి ముద్దయై నిలిచిన దినమున రేగడిలో ట్రాక్టరు దింపకుండుట మంచిది.

ఫెర్గుసన్ పద్ధతి వచ్చినను తిరుగబడు భయము పోలేదు. బరువును క్రిందనున్న లాగుకమ్మికే తగిలింపవలెను. వెనుక ఇరుసుకంటె ఎత్తున గొలుసు కట్టి చెట్టుమొద్దును లాగినచో ట్రాక్టరు తన ఇరుసు చుట్టే లేచి, నడుపువాడు క్లచ్చి త్రొక్కులోపల తలక్రిందగును. బురదలో దిగబడినప్పుడు వెనుకచక్రములకు దుంగ కట్టి లేపజూచుట ఇంతకంటె చెడ్డపని. చక్రము తిరుగలేనిచో ట్రాక్టరే తిరుగును. దిగబడినదానిని త్రవ్వి, వెనుకకు నడిపియో, మరియొక ట్రాక్టరుచే లాగించియో తీయవలెను. ఏటవాలు గట్టు నెక్కవలసివచ్చినచో వెనుకకు నడుపుచు ఎక్కింపవలెను. రెండు బ్రేకులును బాటమీద కలిపి గొళ్లెము వేసియుండవలెను. ఒక్కటే పట్టినచో వేగమున బోల్తాపడును. చక్రపు రెక్కమీద కూరుచుండనిచ్చుట మొగమాటముచే చాలమంది చేయుదురు. ఆ చోటు మనిషికి గాదు.

నూర్పిడి యంత్రమును త్రిప్పు వెనుక ఇరుసు నిమిషమునకు 540 మారులు, అనగా సెకనుకు తొమ్మిది మారులు తిరుగును. పంచెకొంగు, చీరచెఱగు చిక్కుకొనిన క్షణములో మనిషిని లోనికి లాగును. ఆ ఇరుసుమీది రేకు తొడుగు అడ్డముగా నున్నదని తీసి మూలవేయుట రివాజైనది. దానిని తిరిగి తొడిగినగాని నూర్పిడి మొదలుపెట్టరాదు.

సొంతముగా కొనవలెనా యను ప్రశ్నకు గంటల లెక్కయే జవాబు. వెల 8 లక్షలు, పదేండ్లు నడచుననుకొనుడు. ఏటికి 80,000 రూపాయలు తరుగు. ఏడాదికి 200 గంటలు నడచినచో నూనెయు, వడ్డీయు, డ్రైవరు జీతమును గాక గంటకు 400 రూపాయలు; 1,000 గంటలు నడచినచో 80 రూపాయలే. పది ఎకరముల రైతుకు 200 గంటల పని యుండుటయే అరుదు. అట్టివాడు బాడుగకు తెచ్చుకొనుటయో, నలుగురు కలిసి కొనుటయో మేలు. మర్యాదకొరకు కొనిన ట్రాక్టరు భూమిని తాకట్టుకు లాగుట కలదు. నడుపుటయు బాగుచేయుటయు నేర్వగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

పనిలేని నెలలలో నిలిపియుంచునప్పుడు టాంకును నింపి, ఇంజను వేడిగా నున్నప్పుడే పాత కందెన నూనెను దింపి క్రొత్తది పోసి, పొగగొట్టము మూతిని డబ్బాతో మూసి, టైర్లమీద బరువు లేకుండ దుంగలపై ఎత్తి, బ్యాటరీ తీగను విప్పియుంచవలెను. ఎలుకలు తీగలను కొరుకును గావున గడ్డివాము ప్రక్కన నిలుపరాదు.